హాస్కెల్‌లో ఫైల్‌కు రాయడం: ఏమి రాయాలో ముందు తేల్చుకోండి, ఎప్పుడు రాయాలో మీ చేతిలో ఉంచుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా తిరిగి చెబుతాను. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని 63 మండలాల రోజువారీ వర్షపాతాన్ని ఒక ఫైల్ నుంచి చదివి, మండలాల వారీగా మొత్తాలు కట్టి, తెలుగు పేర్లతో ఒక నివేదికను, శుభ్రం చేసిన రోజువారీ వరుసలతో మరో ఫైల్‌ను రాసే ప్రోగ్రాం మీరు హాస్కెల్ అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. మొదట తెరపై ఏమీ కనబడలేదు. ఫైల్‌కు మార్చిన తరువాత నివేదిక మధ్యలో ఆగిపోయింది, రోజువారీ ఫైల్‌లో చివరి వరుసలు రాలేదు. రాత్రి తనంతట తాను నడిచేలా పెట్టినప్పుడు తెలుగు పేర్ల దగ్గరే ప్రోగ్రాం పడిపోయింది. చివరకు, ఫంక్షన్లన్నీ స్వచ్ఛంగా, అంటే ఇచ్చిన విలువ నుంచి ఫలితం లెక్కకట్టడం తప్ప బయట దేన్నీ మార్చకుండా, ఉండాలనే భాషలో ఫైల్‌కు రాయడమే ఒక దొడ్డిదారి కాదా అని అడిగారు.

నేను కర్నూలులో ఉంటూ చాలా ఏళ్లుగా ఇటువంటి లెక్కల ప్రోగ్రాంలే రాస్తున్నాను. మీకు ఎదురైన చిక్కులన్నీ నాకూ ఎదురైనవే. పైకి నాలుగు రకాలుగా కనిపిస్తున్నా వీటిలో ఎక్కువ భాగానికి మూలం ఒకటే. ఏమి రాయాలన్నది ఒక విలువ. దాన్ని రాయడం ఒక పని. ఈ రెండూ కలిసిపోకుండా హాస్కెల్ టైపులు కాపాడతాయి గాని, ఆ పని ఏ క్షణాన మొదలై ఏ క్షణాన ముగియాలన్నది మాత్రం రాసేవారే పట్టించుకోవాలి.

తెరపై ఏమీ రాకపోవడంతో మొదలుపెడతాను. మీ ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్‌లో చివరి వరుస ‘రిటర్న్ (మ్యాప్ పుట్‌స్టర్‌లైన్ వరుసలు)’ అని ఉంది. రిటర్న్ లేకుండా రాసినప్పుడు కంపైలర్ టైపు తప్పు చూపి ఉంటుంది, రిటర్న్ పెట్టగానే ఊరుకుని ఉంటుంది. ఊరుకోవడానికి కారణం, మెయిన్ అనేది ఐఓ (బయటి ప్రపంచంతో పనిచేసే ఆదేశపు టైపు) అయితే చాలు, దాని లోపలి ఫలితం ఏ టైపుదైనా ఫరవాలేదు. అయితే పుట్‌స్టర్‌లైన్‌కు ఒక వరుసను ఇస్తే అది అచ్చు కాదు. ‘ఈ వరుసను అచ్చు వేయి’ అన్న ఆదేశం ఒక విలువగా చేతికి వస్తుంది. మార్కెట్ యార్డులో ఫలానా లాటు నుంచి పది బస్తాలు ఇవ్వమని గోదాముకు చీటీ రాస్తారు కదా, ఇది అటువంటి చీటీ. 63 చీటీలు రాసి జేబులో పెట్టుకున్నంత మాత్రాన ఒక్క బస్తా కూడా గోదాము గడప దాటదు. మ్యాప్ చేసినది 63 చీటీల జాబితా తయారుచేయడం. రిటర్న్ చేసినది ఆ జాబితాను అలాగే అప్పగించడం. చీటీలను వరుసగా అమలు చేయమని చెప్పేది మ్యాప్‌ఎమ్ అండర్‌స్కోర్, లేదా ట్రావర్స్ అండర్‌స్కోర్. రిటర్న్ తీసేసి మ్యాప్ స్థానంలో దాన్ని పెట్టండి, వరుసలు తెరపైకి వస్తాయి. క్లోజర్ అనే మరో ఫంక్షనల్ భాషలో కూడా దీనికి దగ్గరి పొరపాటు జరుగుతుంది. అక్కడ మ్యాప్ బద్ధకపు (అవసరమైనప్పుడే లెక్కకట్టే) వరుసను ఇస్తుంది, ఆర్ఈపీఎల్‌లో (వరుస టైపు చేయగానే ఫలితం చూపే తెరలో) ఆ ఫలితాన్ని చూపించడం కోసం దాన్ని నడిపిస్తారు కనుక అచ్చవుతుంది, అసలు ప్రోగ్రాంలో మాత్రం అచ్చు కాదు. అక్కడ డోసెక్ గాని రన్‌బ్యాంగ్ గాని వాడాలి.

దొడ్డిదారి అన్న మాటకు సమాధానం కూడా ఈ చీటీలోనే ఉంది. 1990లో వచ్చిన తొలి హాస్కెల్‌లో ఐఓ మొనాడ్ (ఆదేశాలను ఒకదాని తరువాత ఒకటి కూర్చే పద్ధతి) లేదు. ప్రోగ్రాం మొత్తం, బయటి ప్రపంచం ఇచ్చే జవాబుల జాబితాను తీసుకుని తన విన్నపాల జాబితాను ఇచ్చే ఒక ఫంక్షన్‌గా ఉండేది. అది కూడా స్వచ్ఛమైనదే, కాని ఏ విన్నపానికి ఏ జవాబో లెక్క తప్పితే ప్రోగ్రాం బిగుసుకుపోయేది. కంప్యూటర్ శాస్త్రవేత్త యుజీనియో మోగ్గి 1989లో మొనాడ్లతో గణనలను వివరించిన పద్ధతిని ఫిలిప్ వాడ్లర్ ప్రోగ్రాంలు రాయడానికి తీసుకువచ్చారు. సైమన్ పేటన్ జోన్స్, వాడ్లర్ కలిసి 1993లో దాన్ని ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు అన్వయించారు. 1996లో హాస్కెల్ 1.3తో అది భాషలో స్థిరపడింది. అంటే ఫైల్‌కు రాయడాన్ని నియమాల కన్నుగప్పి లోపలికి రానివ్వలేదు. ఆదేశాన్ని కూడా సంఖ్యలాగా, జాబితాలాగా ఒక విలువగా చూసి, ఒకదాని తరువాత ఒకటి కూర్చే పద్ధతిని టైపులోనే రాశారు. మెయిన్ అనే పెద్ద చీటీని అమలు చేసేది రన్‌టైమ్, అంటే ప్రోగ్రాంను నడిపించే యంత్రాంగం.

దీని వలన వచ్చే లాభం మీ ప్రోగ్రాంలో ఇంకా కనబడడం లేదు, ఎందుకంటే మొత్తాలు కట్టడం, వరుసలు కూర్చడం, రాయడం మూడూ ఒకే డూ బ్లాకులో (ఆదేశాలను వరుసగా రాసే భాగంలో) కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయండి. కొలతల జాబితాను తీసుకుని నివేదికను టెక్స్ట్‌గా ఇచ్చే ఫంక్షన్ ఒకటి ఉండాలి. దాని టైపులో ఐఓ అన్న మాటే రాకూడదు. అప్పుడు మూడు మండలాల చిన్న జాబితాను ఇచ్చి, ఏ ఫైలూ తెరవకుండా, అక్షరం అక్షరం సరిచూసుకోవచ్చు. మెయిన్‌లో మిగిలేది చదవడం, ఆ ఫంక్షన్‌ను పిలవడం, రాయడం మాత్రమే.

ఇప్పుడు సగంలో ఆగిన నివేదిక సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే మీ రెండు ఫైళ్లలో జరిగినవి చూడడానికి ఒకే రకంగా ఉన్నా కారణాలు వేరు.

నివేదిక ఫైల్ మడకశిరకు ముందు ఆగిందని, తెరపై ‘నో పార్స్’ అని వచ్చిందని రాశారు. మీరు వర్షపాతపు అంకెను రీడ్ ఫంక్షన్‌తో సంఖ్యగా మారుస్తున్నారు. మడకశిర వరుసల్లో ఎక్కడో ఒకరోజు అంకెకు బదులు రెండు గీతలు ఉండి ఉంటాయి. రీడ్ అక్కడ విఫలమవుతుంది, కాని ఆ వైఫల్యం వెంటనే బయటపడదు. మీరు మొత్తాలను బద్ధకపు మ్యాప్‌లో (పేరుకు ఎదురుగా విలువను ఉంచే పట్టిక ఇది, పైన చెప్పిన మ్యాప్ ఫంక్షన్ కాదు) కడుతున్నారు కనుక మండలాల పేర్లన్నీ తేలుతాయి గాని, ఒక్కో పేరు వెనక ఉన్న మొత్తం ‘అవసరమైనప్పుడు లెక్కకడతాను’ అన్న హామీగానే ఉండిపోతుంది. ఆ అవసరం వచ్చేది ఎప్పుడంటే, విత్‌ఫైల్ ఫైల్‌ను తెరిచి, అందులోని పాత నివేదికను సున్నా బైట్లకు కత్తిరించి, అక్షర క్రమంలో మడకశిర ముందున్న మండలాలన్నిటినీ రాసేసిన తరువాత. అప్పుడు రీడ్ తన తప్పును బయటపెడుతుంది, విత్‌ఫైల్ తన ధర్మం ప్రకారం ఫైల్‌ను మూస్తుంది, పాత నివేదికా లేక, కొత్తది పూర్తీ కాక మీ చేతిలో సగం కాగితం మిగులుతుంది. మీరు వరుస వరుసనూ విడిగా రాశారు కనుక ఆ మాత్రమైనా మిగిలింది. మొత్తం నివేదికను ఒకే స్ట్రింగ్‌గా రైట్‌ఫైల్‌కు ఇచ్చి ఉంటే ఇంత చిన్న నివేదికకు ఖాళీ ఫైలే చూసి ఉండేవారు.

దీనికి మందు, ఫైల్‌ను తాకడానికి ముందే ఏమి రాయాలో పూర్తిగా తేల్చుకోవడం. రీడ్ బదులు, మార్చలేకపోతే పడిపోకుండా నథింగ్ అని ఇచ్చే రీడ్‌మేబీ వాడి, విఫలమైతే ఎన్నో వరుసలో, ఏ మాట దగ్గర అన్న వివరంతో ఈదర్ అనే టైపులో (సరైన ఫలితమైతే రైట్, తప్పయితే లెఫ్ట్) లెఫ్ట్‌గా ఇవ్వండి. వరుసలన్నిటిపై ట్రావర్స్ నడిపితే, అన్నీ సరిగా ఉన్నప్పుడు ఒక రైట్, ఒక్కటి చెడినా ఒక లెఫ్ట్ వస్తుంది. లెఫ్ట్ వస్తే ఫైల్‌ను తెరవనే తెరవద్దు. ఇంకెక్కడైనా బద్ధకం దాగి ఉందేమోనన్న అనుమానం ఉంటే, నివేదికను బద్ధకం లేని టెక్స్ట్‌గా కట్టి ఎవాల్యుయేట్ ద్వారా ముందే లెక్కకట్టించండి. రాసే సమయంలో లెక్కలు కట్టడం మిగిలి ఉండకూడదన్నది నేను ఏ ప్రోగ్రాంలోనూ వదలని పట్టు.

రోజువారీ ఫైల్ సంగతి వేరు. 63 మండలాలు, 365 రోజులు, మొత్తం 22,995 వరుసలు. దాన్ని మీరు ఓపెన్‌ఫైల్‌తో తెరిచారు, హెచ్‌క్లోజ్ ఎక్కడా లేదు. ఫైల్ హ్యాండిల్ (తెరిచిన ఫైల్‌ను పట్టుకునే పిడి) మామూలుగా బ్లాక్ బఫరింగ్‌లో ఉంటుంది, అంటే రాసినది ముందు జ్ఞాపకంలోని బఫర్ అనే తాత్కాలిక చోటులో పోగవుతుంది. హాస్కెల్ కంపైలర్ అయిన జీహెచ్‌సీలో ఆ బఫర్ ఎనిమిది కిలోబైట్లు; అది నిండినప్పుడల్లా ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరుతుంది. చివర నిండకుండా మిగిలిన భాగం హ్యాండిల్ మూసినప్పుడే బయటకు వెళుతుంది. మూయని హ్యాండిల్‌ను చెత్త ఏరే యంత్రాంగం ఎప్పుడో మూయవచ్చు, ప్రోగ్రాం ముగిసేలోగా మూస్తుందన్న హామీ మాత్రం లేదు. మీ ఫైల్ చివర వరుస మధ్యలో తెగిపోయిందంటే, తప్పిపోయినవి ఆ బఫర్‌లో ఉండిపోయిన వరుసలే. ఓపెన్‌ఫైల్‌ను నేరుగా వాడడం మానేసి విత్‌ఫైల్‌కు అలవాటు పడండి. మధ్యలో తప్పు దొర్లినా అది మూసే వెళుతుంది. ఇతర భాషలు చూస్తే, ఓకామ్ల్‌లో అవుట్‌ఛానెల్ మాడ్యూల్‌లోని విత్ ఓపెన్ టెక్స్ట్, క్లోజర్‌లో విత్ ఓపెన్, ఎఫ్ షార్ప్‌లో యూజ్ అన్న మాట, అన్నీ ఈ పనికే ఉన్నాయి. కాకపోతే విత్‌ఫైల్ లోపల హెచ్‌గెట్‌కంటెంట్స్‌తో బద్ధకంగా చదివి ఆ స్ట్రింగ్‌ను బయటకు తీసుకురావద్దు. హ్యాండిల్ మూసేశాక చదవడం మొదలవుతుంది, ‘డిలేడ్ రీడ్ ఆన్ క్లోజ్డ్ హ్యాండిల్’ అన్న తప్పు చూస్తారు. చదివిన ఫైల్‌కే తిరిగి రాయాలని చూస్తే ‘ఫైల్ ఈజ్ లాక్డ్’ అని వచ్చేదీ ఇందుకే: బద్ధకపు రీడ్‌ఫైల్ చివరి అక్షరం దాకా చదివే వరకు హ్యాండిల్‌ను వదలదు, ఒకే ప్రోగ్రాంలో చదివే హ్యాండిల్ ఉండగా అదే ఫైల్‌కు రాసే హ్యాండిల్‌ను హాస్కెల్ ఇవ్వదు. టెక్స్ట్ లైబ్రరీలోని బద్ధకం లేని రీడ్‌ఫైల్ వాడితే రెండు బాధలూ ఉండవు.

ఫైల్‌ను సరిగా మూసినా సరిపోని సందర్భం ఒకటి నా అనుభవంలో ఉంది. కొన్నేళ్ల క్రితం ఆదోనిలో ఒక పత్తి కమిషన్ దుకాణానికి రోజు లెక్కల ప్రోగ్రాం రాసి ఇచ్చాను. ఒక్కో లాటు తూకం నమోదు చేయగానే ఆ రోజు లెక్క మొత్తాన్ని రైట్‌ఫైల్‌తో తిరగరాసేలా పెట్టాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, తిరిగి వచ్చాక చూస్తే ఆ రోజు ఫైల్ సున్నా బైట్లు. పాత లెక్కను కత్తిరించడానికీ, కొత్త లెక్క డిస్కుకు చేరడానికీ మధ్య ఉన్న సందులో కరెంటు పోయిందన్నమాట. తూకం చీటీలు కాగితం మీద ఉన్నాయి కనుక రైతులకు నష్టం జరగలేదు. నేనూ గుమాస్తా గారూ కూర్చుని రాత్రి దాకా తిరిగి ఎక్కించాము. ఆ తప్పు నాది, ఆ రోజు నుంచి ముఖ్యమైన ఏ ఫైల్‌నూ నేను ఉన్నచోటే తిరగరాయలేదు.

ఇప్పుడు నేను చేసేది ఇది. అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో కొత్త ఫైల్ రాస్తాను. హెచ్‌ఫ్లష్ మన బఫర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుందే గాని డిస్కు దాకా తీసుకువెళ్లదు. లైనక్స్ మామూలు అమరికలో మారిన పేజీలను 30 సెకన్ల దాకా జ్ఞాపకంలోనే ఉంచుకోవచ్చు. అందుకని యూనిక్స్ ప్యాకేజీలో ఉన్న ఫైల్‌సింక్రనైజ్‌తో డిస్కుకు చేర్పించి, అప్పుడు రీనేమ్‌ఫైల్‌తో అసలు పేరు పెడతాను. లైనక్స్‌లో పేరు మార్చడం ముక్కలుగా జరగదు, కనుక ఏ క్షణాన చూసినా ఆ పేరు కింద పూర్తి పాత ఫైలో పూర్తి కొత్త ఫైలో ఉంటుంది. తాత్కాలిక ఫైల్‌ను అదే డైరెక్టరీలో పెట్టమన్నది ఎందుకంటే, టీఎంపీ డైరెక్టరీ వేరే ఫైల్ సిస్టమ్‌పై ఉంటే పేరు మార్చడం విఫలమవుతుంది.

తెలుగు పేర్ల దగ్గర ప్రోగ్రాం పడిపోవడానికి కారణం తెలుగు కాదు, ప్రోగ్రాం నడిచిన పరిసరం. జీహెచ్‌సీ కొత్త హ్యాండిల్‌కు ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతిని) లొకేల్ నుంచి, అంటే సిస్టమ్‌లోని భాష అమరిక నుంచి, తీసుకుంటుంది. మీ టెర్మినల్‌లో అది యూటీఎఫ్-8. క్రాన్‌లో (నిర్ణీత సమయానికి ప్రోగ్రాంలను నడిపే ఏర్పాటులో) నడిచినప్పుడు లొకేల్ చరరాశులు తరచుగా ఉండవు, ఎన్‌కోడింగ్ తెలుగు అక్షరాలు లేని ఆస్కీకి దిగిపోతుంది, ‘క’ను రాయలేక ప్రోగ్రాం ఆగుతుంది. మెయిన్ మొదట్లో సెట్‌లొకేల్‌ఎన్‌కోడింగ్‌కు యూటీఎఫ్-8 ఇవ్వండి, లేదా ప్రతి హ్యాండిల్‌కూ హెచ్‌సెట్‌ఎన్‌కోడింగ్ చెప్పండి. స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు రెండోది విడిగా చెప్పడమే నా అలవాటు. నివేదికను ఎక్సెల్‌లో తెరిచేవారు ఉంటే బీఓఎమ్‌తో (ఫైల్ మొదట్లో ఎన్‌కోడింగ్‌ను తెలిపే గుర్తుతో) కూడిన యూటీఎఫ్-8ను ఎంచుకోండి, లేకపోతే అక్షరాలు చెదిరి కనబడే అవకాశం ఉంది.

ఈ తప్పు తప్పించుకోవడానికి స్ట్రింగ్‌ను బైట్లుగా మార్చే బైట్‌స్ట్రింగ్ ఛార్8 లోని ప్యాక్ వాడమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినవద్దు. అది ప్రతి అక్షరపు సంఖ్యలో చివరి ఎనిమిది బిట్లను మాత్రమే ఉంచి మిగతాది ఒక్క మాట కూడా చెప్పకుండా పారేస్తుంది. తెలుగు లిపి యూనికోడ్‌లో, పదహారు ఆధారపు సంఖ్యల్లో చెబితే, 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంది. అందులో ‘ర’ సంఖ్య 0సీ30. ముందున్న 0సీ పోతే మిగిలేది 30, అంటే ఆస్కీలో సున్నా అంకె. అలాగే ‘ల’ రెండుగా, ‘స’ ఎనిమిదిగా, ‘హ’ తొమ్మిదిగా మారతాయి. వర్షపాతపు అంకెలున్న ఫైల్‌లో రాయదుర్గం పేరులోని ‘ర’ సున్నాగా మారి కూర్చుంటే, ఏది పేరో ఏది కొలతో తేల్చడం ఎవరి తరమూ కాదు.

నివేదికలో నిలువు వరుసలు వంకరగా వస్తున్నాయన్నారు. కళ్యాణదుర్గం, ఉరవకొండ రెండూ కంటికి ఐదేసి అక్షరాలు. లెంగ్త్ ఫంక్షన్ మొదటిదాన్ని 12 అనీ, రెండోదాన్ని 7 అనీ చెబుతుంది, ఎందుకంటే ఒత్తులు, గుణింతపు గుర్తులు, సున్నా అన్నీ దానికి విడి విడి కోడ్ పాయింట్లు (యూనికోడ్ సంఖ్యలు). యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు కనుక కళ్యాణదుర్గం ఫైల్‌లో 36 బైట్లు ఆక్రమిస్తుంది. ఖాళీలు నింపి తెలుగును వరుసలో నిలబెట్టాలని చూడకండి. మధ్యలో ట్యాబ్ గాని కామా గాని పెట్టి, వరుస తీర్చే పని చూపించే ప్రోగ్రాంకు వదలండి.

వేగం గురించి ఒక మాట చాలు. ఫోల్డ్‌ఎల్‌లో పోగుచేసిన స్ట్రింగ్ చివర ప్లస్‌ప్లస్‌తో కొత్త వరుసను అతికిస్తే, ప్రతిసారీ ముందున్నదంతా తిరిగి నడవాలి; 22,995 వరుసలకు అది బాగా తెలుస్తుంది. వరుసలన్నిటినీ ఒకేసారి కలిపే అన్‌లైన్స్ వాడండి, ఇంకా పెద్దదైతే టెక్స్ట్ బిల్డర్ వాడండి. ఎలిక్సిర్‌లో ముక్కలను అసలు అతికించకుండానే, జాబితాలో జాబితాగా ఫైల్ రైట్‌కు ఇచ్చేయవచ్చు. నాకు ఆ భాషలో ఎంతో నచ్చిన వసతి అది.

క్రాన్‌లో నడిపేటప్పుడు మామూలు సందేశాలకు స్టాండర్డ్ అవుట్‌పుట్, తప్పుల సందేశాలకు స్టాండర్డ్ ఎర్రర్ వాడండి. స్టాండర్డ్ అవుట్‌పుట్ టెర్మినల్‌కు కలిసి ఉన్నప్పుడు వరుస వరుసకూ బయటకు వస్తుంది, ఫైల్‌కు మళ్లించగానే బ్లాక్ బఫరింగ్‌కు మారుతుంది. అందుకే లాగ్ ఫైల్ చాలాసేపు ఖాళీగా కనిపించి, తరువాత ఒక్కసారిగా నిండుతుంది. అక్కడ హెచ్‌సెట్‌బఫరింగ్‌తో లైన్‌బఫరింగ్ కోరండి.

చివరిగా మడకశిర వరుసలోని ఆ రెండు గీతల గురించి. దాన్ని సున్నాగా మార్చి ముందుకు పోవాలన్న ఆలోచన మీ రెండో కోడ్‌లో కనిపించింది. ఉదయం 8:30కు తీసిన కొలత సున్నా అంటే అంతకుముందు 24 గంటల్లో వాన పడలేదని. గీతలంటే కొలత అందలేదని. వానచుక్క కోసం ఎదురుచూసే జిల్లాలో ఈ రెండూ ఒకటి కావు. గీతలు లెఫ్ట్‌గా కాక నథింగ్‌గా వచ్చేలా కొలత టైపును మేబీగా (విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెప్పే టైపుగా) పెట్టి, నథింగ్ అయిన రోజులను మొత్తంలో కలపకుండా, ప్రతి మండలం పక్కన ‘అందని రోజులు’ అని ఒక నిలువు వరుస చేర్చండి. రోజువారీ ఫైల్‌లో ఆ గడిని ఖాళీగానే రాయండి.